పరస్కెవీ అంటే శుక్రవారం

ప్రశ్న: మాది విజయనగరం. ఏడేళ్లుగా మెల్బోర్న్‌లో ఉంటున్నాను. మావారు గ్రీకు కుటుంబానికి చెందినవారు; అత్తమామలు 1960లలో ఇక్కడికి వలస వచ్చారు. నాకిప్పుడు ఆరో నెల. పుట్టబోయేది పాప అని డాక్టరు చెప్పారు (ఇక్కడ అలా చెప్పడం నేరం కాదు). తొలి ఆడపిల్లకు నాన్నమ్మ పేరు పెట్టడం మావారి ఇంటి ఆచారమట. అత్తగారి పేరు పరస్కెవీ. ఆవిడ నోరు తెరిచి ఏమీ అడగలేదు కానీ, ఆవిడ చెల్లెళ్లు మాత్రం ఫోనులో అప్పుడే ‘చిన్న పరస్కెవీ ఎలా ఉంది’ అని అడుగుతున్నారు. నాకేమో ఆ పేరు నోరు తిరగడం లేదు. మా అమ్మ జన్మ నక్షత్రం ప్రకారం అక్షరం కుదరాలంటోంది. నేను ఇంటర్నెట్‌లో గ్రీకు పేర్ల పట్టికలు చూసి సోఫియా, జోయీ, క్లోయీ, హెలెన్, పెనెలోపి, కసాండ్రా, మైరా అనే ఏడింటిని ఏరిపెట్టుకున్నాను. వాటి పక్కన రాసిన అర్థాలను నమ్మవచ్చా? చివరికి ఏ పేరు పెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, మెల్బోర్న్

సమాధానం: అమ్మా, మీరు ఏరిపెట్టుకున్న ఏడు పేర్ల గురించీ చెబుతాను. అయితే మీ ఉత్తరమంతటా తిరుగుతున్నది ఆ పట్టికలో చోటు దొరకని ఎనిమిదో పేరే కనుక, పరస్కెవీతోనే మొదలుపెడతాను.

గ్రీకు భాషలో పరస్కెవీ అంటే శుక్రవారం. గ్రీకులు సోమవారాన్ని ‘దెఫ్తెరా’, అంటే రెండవది అంటారు. మంగళ, బుధ, గురువారాలు వరుసగా ‘త్రీతీ’, ‘తెతార్తీ’, ‘పెంప్తీ’. వీటిలో మీకు తృతీయ, చతుర్థి, పంచమి లీలగా వినిపిస్తే అది భ్రమ కాదు. ఆ సంఖ్యాపదాలు సంస్కృత సంఖ్యాపదాలకు తోబుట్టువులే. శుక్రవారం దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క ఆగిపోయి ‘పరస్కెవీ’ వస్తుంది. ఆ మాటకు అసలు అర్థం సన్నాహం. యూదులకు శనివారం విశ్రాంతి దినం కాబట్టి వంటావార్పూ సహా సమస్తం ముందురోజే సిద్ధం చేసుకునేవారు. తెలుగు బైబిలులో ‘సిద్ధపరచు దినము’ అని కనిపించేది ఆ రోజే. గ్రీకులో ఆ మాట వారం పేరుగా స్థిరపడి, ఆ తరువాత మనిషి పేరైంది. మనిషి పేరు కావడానికి కారణం ఒక పునీతురాలు. చాలాకాలం పిల్లలు లేని దంపతులకు శుక్రవారం నాడు పుట్టినందువల్ల ఆమెకు ఆ పేరు పెట్టారని, ఆమె క్రీ.శ. 2వ శతాబ్దంలో రోము ప్రాంతంలో జీవించిందని సంప్రదాయం చెబుతుంది. గ్రీకులు ఆమెను కళ్లను కాపాడే తల్లిగా కొలుస్తారు. చర్చిలలోని పటాలలో ఆమె చేతిలో ఒక పళ్లెం, ఆ పళ్లెంలో రెండు కళ్లు ఉంటాయి. ఆమె పండుగ జూలై 26. మీ అత్తగారింట్లో ఎక్కడో ఒకచోట ఈ పటం ఉండే ఉంటుంది, గమనించండి.

ఇక ఆచారం సంగతి. తొలి మగపిల్లవాడికి తండ్రి తండ్రి పేరు, తొలి ఆడపిల్లకు తండ్రి తల్లి పేరు పెట్టడం గ్రీసులో చాలా ప్రాంతాలలో ఉన్నదే; పెద్దలు బతికి ఉండగానే పెడతారు, అది వారికి గౌరవం. అన్నిచోట్లా ఒకే పద్ధతి లేదు. కార్పథోస్ దీవిలో తొలి ఆడపిల్లకు అమ్మమ్మ పేరు పెట్టి, తల్లి తరఫు ఆస్తిని కూడా ఆ పిల్లకే రాసే ఆచారం ఉండేది (ఈ సంగతి మీ అమ్మగారికి ఇప్పుడే చెప్పకండి). ఈ వరుస వల్ల ఒక గ్రీకు కుటుంబంలో ఒకే తాత పేరుగల మనవలు నలుగురైదుగురు ఉండటం మామూలే. మన ఇళ్లలో మాత్రం తక్కువా? మా ఇంట్లో మా చెల్లెలికి మా నాన్నమ్మ శేషమ్మ పేరు పెట్టారు. మా అమ్మ అత్తగారి పేరు నోటితో పలకకూడదు కనుక బతికినంతకాలం ఆ పిల్లను ‘బుల్లీ’ అనే పిలిచింది. అల్లరి చేసినప్పుడు పేరు పెట్టి తిట్టే వీలు కూడా లేకపోయింది. నాన్నమ్మ అరుగు మీదే కూర్చుని ఉండేది మరి. రేషను కార్డులో శేషమ్మ, వీధి మొత్తానికీ బుల్లి. పెద్దల పేరు కాగితం మీద నిలబెట్టి, పిలవడానికి మరొకటి కల్పించుకోవడం మనకు తరతరాలుగా వచ్చిన విద్య.

గ్రీకులకు కూడా ఆ విద్య బాగా తెలుసు. పరస్కెవీ అని నిండుగా పిలిచేది పూజారీ, ప్రభుత్వమూ మాత్రమే. ఇంట్లో ఆ పేరు వివీ అవుతుంది, వూలా అవుతుంది, పరస్కెవూలా అవుతుంది, ఎవీ కూడా అవుతుంది. చివరిదానిని మాత్రం మీరు వదిలేయడమే మంచిది. పార్కులో పిల్లను ‘ఎవీ, ఎవీ’ అని కేకేస్తుంటే పక్కనున్న తెలుగువారు ఏవో పోగొట్టుకున్నారేమోనని వెతకడానికి వస్తారు. వివీ పలకడానికి సులువు, తెలుగు చెవికి తప్పర్థం ధ్వనించదు. కాబట్టి నోరు తిరగడం లేదన్న ఇబ్బంది నిజానికి చిన్నదే. ఆ పేరును మీరు రోజూ పలకవలసిన అవసరం రాదు.

ఇప్పుడు మీ పట్టిక. అర్థాలను నమ్మవచ్చా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు, ఎందుకంటే ఆ ఏడు పేర్లూ ఒక తీరువి కావు. కొన్నింటి అర్థం నేటికీ గ్రీకు వీధుల్లో వాడుకలో ఉన్న మామూలు మాట. కొన్నింటి అర్థం పండితులు ఇంకా తేల్చనిది. ఒకటి అసలు గ్రీకు పేరో కాదో కూడా అనుమానమే. పట్టికలు తయారుచేసేవారు ఈ తేడాలన్నీ చెరిపేసి ప్రతి పేరు పక్కనా ‘వెలుగు’, ‘అందం’, ‘రాకుమారి’ అని ఒకే ధీమాతో రాసేస్తారు.

సోఫియా విషయంలో సందేహం లేదు. ‘సొఫీయా’ అంటే వివేకం, ప్రజ్ఞ. గ్రీకులు ‘ఫీ’ మీద ఊనిక పెట్టి పలుకుతారు. ఇస్తాంబుల్‌లో 537లో పూర్తయిన హగియా సోఫియా కట్టడం పేరులో ఉన్నది ఒక స్త్రీ కాదు, దైవప్రజ్ఞ. అయితే సోఫియా అనే పునీతురాలు కూడా ఉంది. ఆమెకు విశ్వాసం, ఆశ, ప్రేమ అని అర్థం వచ్చే పిస్తిస్, ఎల్పిస్, అగాపీ అనే ముగ్గురు కూతుళ్లు ఉన్నారని కథ. అందుకే వారి పండుగ రోజైన సెప్టెంబర్ 17న గ్రీసులో ఆ పేరుగల సోఫియాలతో పాటు ఎల్పీదాలు, అగాపీలు కూడా పండుగ చేసుకుంటారు. మీ పాప సెప్టెంబర్‌లోనే పుట్టేటట్లయితే ఈ పేరు మీదికి మనసు మరింత మొగ్గుతుందేమో, చూసుకోండి.

జోయీ అంటే ప్రాణం, జీవితం. ఇది కూడా వాడుకలో ఉన్న మాటే. పాత నిబంధనను హీబ్రూ నుంచి గ్రీకులోకి తెచ్చినవారు ఆదికాండంలో హవ్వ పేరును శబ్దంగా కాక అర్థంగా అనువదించి ‘జోయీ’ అని రాశారు. ఈ మాటకూ మన ‘జీవ’ శబ్దానికీ మూలధాతువు ఒక్కటే. గ్రీసులో బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్లినవారు తల్లిదండ్రులతో అనే మాట ‘నా సాస్ జీసీ’. మీ బిడ్డ మీకు చిరకాలం జీవించాలి అని. మనం శుభలేఖలలో పిల్లల పేర్లకు ముందు ‘చి.’ అని రాసుకోవడంలోని కోరిక కూడా ఇదే కదా. పైగా తెలుగు చెవికి జోయీ అనగానే జోలపాట గుర్తుకొస్తుంది. మీ ఏడింటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన పేరు ఇదేనని దాచుకోకుండా చెబుతున్నాను.

క్లోయీ అంటే అప్పుడే మొలిచిన పచ్చని చిగురు. పంటల దేవత దిమితిర్‌కు ఇది ఒక బిరుదు. మన పల్లవి అంటే ఏమిటో క్లోయీ అంటే అదే. ఇంతకు మించి దాని గురించి వివరించవలసింది లేదు.

హెలెన్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. పట్టికలన్నీ దీనికి ‘వెలుగు’ అనో ‘దివిటీ’ అనో రాస్తాయి. ప్రాచీన గ్రీకులో దివిటీకి దాదాపు ఇదే మాట ఉన్నమాట నిజం, కానీ పేరు ఆ మాట నుంచే పుట్టిందా అన్నది తేలలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మనకు హెలెన్ అనగానే ట్రాయ్ యుద్ధానికి కారణమైన అందగత్తె గుర్తుకొస్తుంది. గ్రీసులో ఎలెనీ అని పేరు పెట్టేవారి మనసులో చాలావరకు ఉండేది ఆమె కాదు, కాన్‌స్టంటైన్ చక్రవర్తి తల్లి అయిన పునీత హెలెనా. మే 21న తల్లీకొడుకులిద్దరి పండుగా కలిపే జరుపుతారు. ఒకే శబ్దం, రెండు వేర్వేరు వారసత్వాలు; ఏ నిఘంటువు చూసినా ఈ తేడా తెలియదు, పేరు పెట్టిన నాన్నమ్మను అడిగితేనే తెలుస్తుంది.

ఈ సందర్భంలో మీ పట్టికలో లేని ఒక పేరు గుర్తుకొస్తోంది. ఇరీనీ అంటే శాంతి. చక్కని పేరు, నేటికీ గ్రీసులో విరివిగా వినిపించే పేరు. బైజాంటియంను, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని, 797 నుంచి 802 వరకు తన పేరిటే ఏలిన మహారాణి కూడా ఇరీనీయే. సింహాసనం కోసం ఆమె కన్నకొడుకు కళ్లు పీకించింది. అర్థం చూసి మురిసిపోయేవారికి ఈ ఉదంతం చెబుతుంటాను.

పెనెలోపి భర్త కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూసిన ఇల్లాలు. ఒడిస్సియస్ యుద్ధానికి వెళ్లి తిరిగి రాకపోతే, తనను పెళ్లాడమని ఇంట్లో తిష్ఠవేసిన 108 మందిని ఆమె ఒక మగ్గంతో నిలువరించింది: మామగారి కోసం వస్త్రం నేయడం పూర్తయితే పెళ్లి మాట ఆలోచిస్తానని చెప్పి, పగలంతా నేసినది రాత్రి దివిటీ వెలుగులో విప్పేసేది. అందుకే ఆమె పేరులో పడుగుపేకలలోని పేకదారానికి గ్రీకువారు వాడే మాట ‘పేనే’ ఉందని కొందరు అంటారు. కాదు, ‘పేనెలోప్స్’ అనే ఒక రకం నీటిబాతు పేరు నుంచి వచ్చిందని మరికొందరు. రెండూ ఊహలే. నా అభ్యంతరం మాత్రం వేరు. విజయనగరంలో మీ అమ్మగారి ఇరుగుపొరుగు చెవిన ఈ పేరు పడితే ‘పెను లోపం’ అని వినిపించే ప్రమాదం ఉంది. పిల్లల నోటికి అది మరీ త్వరగా దొరుకుతుంది.

కసాండ్రాను వదిలేయమనే నా సలహా. శబ్దం అందంగానే ఉంటుంది, అర్థం ఏమిటో ఎవరికీ స్పష్టంగా తెలియదు, కథ మాత్రం అందరికీ తెలుసు. ట్రాయ్ రాజు కూతురైన ఆమెకు అపోలో దేవుడు భవిష్యత్తు తెలుసుకునే వరమిచ్చి, ఆమె తనను కాదన్నందుకు ఆమె మాటను ఎవరూ నమ్మకూడదని శపించాడు. ఊరు తగలబడుతుందని ఆమె ముందే చెప్పింది, ఎవరూ వినలేదు, ఊరు తగలబడింది. మన విదురుడి మాట కూడా ఎవరూ వినలేదు, కానీ ఆయనను కనీసం గౌరవించారు, ఈమెను పిచ్చిదన్నారు. పండోరా కూడా ఇలాంటిదే. ‘అన్ని కానుకలూ పొందినది’ అని అర్థం చూస్తే ముచ్చటగానే ఉంటుంది, కానీ లోకంలోని కష్టాలన్నిటినీ బయటికి వదిలింది ఆమేనని కథ. (ఆమె తెరిచింది పెట్టె కాదు, జాడీ, 16వ శతాబ్దంలో ఒక లాటిన్ అనువాదంలో దొర్లిన పొరపాటు వల్ల అది పెట్టెగా ప్రచారమైంది.)

ఇక మైరా. ఇప్పుడు హైదరాబాదులో ఏ ప్లేస్కూలుకు వెళ్లినా ఇద్దరు మైరాలు కనిపిస్తారు. పట్టికల్లో దీనిని ఒకచోట గ్రీకు అని, ఒకచోట సంస్కృతం అని, మరొకచోట లాటిన్ అని రాస్తున్నారు. పేరుగా దీనిని ప్రచారంలోకి తెచ్చింది సుమారు నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక ఆంగ్ల కవి. సుగంధ తైలానికి గ్రీకులో ఉన్న ‘మీరోన్’ అనే మాటను దానికి తరువాత ముడిపెట్టారు. పేరు బాగుందనుకుంటే పెట్టుకోవచ్చు, తప్పు లేదు. కానీ గ్రీకు పేరని మీ అత్తగారికి చెబితే ఆవిడ తెల్లముఖం వేస్తారు.

పట్టికలలో ఎప్పుడూ కనిపించని ఒక సంగతిని మీతో పంచుకోవాలని ఉంది, ఎందుకంటే రెండు భాషల మధ్య కాపురం చేస్తున్న మీకు అది అక్కరకు వస్తుంది. గ్రీకు పేర్లు చాలావరకు రెండు మాటల సమాసాలు, అవి అచ్చం మన సంస్కృత నామాల వలెనే పనిచేస్తాయి. అలెగ్జాండ్రాలో మొదటి సగం ‘అలెక్స్’ రక్షించడం, రెండవ సగం ‘అనేర్, ఆంద్రోస్’ నరుడు. ఈ రెండూ మన ‘రక్ష’, ‘నర’ శబ్దాలకు దాయాదులు. ఎవ్‌గెనీయాలోని ‘ఎవ్’ మన ‘సు’, ‘గెన్’ మన ‘జన్’. మాటకు మాట పెడితే సుజాత. అంబ్రోసియోస్ అంటే మరణం లేనివాడు. అది మన ‘అమృత’ శబ్దమే. థెయోడోరా అంటే దేవుడిచ్చిన కానుక, మన దేవదత్త. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: ‘దోరోన్’కూ మన ‘దత్త’కూ మూలధాతువు ఒకటే కానీ, ‘థెయోస్’కూ మన ‘దేవ’కూ చుట్టరికం లేదు, వినడానికి మాత్రమే దగ్గర. ఇలాంటి చోటే ఔత్సాహికులు బోర్లా పడతారు. ఇంకో విశేషం. ప్రాచీన గ్రీకులో థ, ఫ, ఖ అనేవి మన ఒత్తక్షరాల వలెనే పలికేవట. కాబట్టి థెయోడోరా అని తెలుగులో రాసుకుని ఉన్నదున్నట్లు చదివితే, మీరు నేటి ఏథెన్సువారికన్నా ప్లేటో కాలంవారికి దగ్గరగా పలికినట్లు.

ఈ చుట్టరికం పుస్తకాలకే పరిమితమైనది కాదు. మధ్యప్రదేశ్‌లోని విదిశ దగ్గర క్రీ.పూ. 2వ శతాబ్దపు రాతిస్తంభం ఒకటి ఉంది. తక్షశిల నుంచి రాయబారిగా వచ్చిన హెలియోడోరోస్ అనే గ్రీకువాడు తాను భాగవతుడనని చెప్పుకుంటూ వాసుదేవుడి పేరిట నిలిపిన గరుడస్తంభం అది. అతని పేరుకు అర్థం ‘సూర్యుడిచ్చిన కానుక’. అశోకుని పదమూడవ శిలాశాసనంలో అలెగ్జాండర్ (జగజ్జేత కాదు, అదే పేరుగల మరొకడు) అనే గ్రీకు రాజు పేరు ‘అలికసుదర’ అనే రూపంలో కనిపిస్తుంది. ఆ శాసనాల వరుస కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా చెక్కి ఉంది. మన ఊళ్లలోని పేతురు, ఫిలిప్పు, అంద్రెయ, స్తెఫను, తిమోతి, దొర్కా, ఫీబే అందరివీ గ్రీకు పేర్లే. పేతురు రాయి, ఫిలిప్పు గుర్రాలంటే ఇష్టమున్నవాడు, స్తెఫను కిరీటం, దొర్కా లేడి. గుంటూరులో ఒక దొర్కమ్మగారికి ఆవిడ పేరుకు లేడి అని అర్థమని చెబితే, ‘ఈ మోకాళ్లతోనా’ అని నవ్వారు.

మీ అమ్మగారు అడిగిన అక్షరం విషయం. పాప పుట్టకుండా నక్షత్రం తెలియదు, నక్షత్రపాదం తెలియకుండా అక్షరం తెలియదు. కాబట్టి ఇప్పుడు దాని గురించి వాదులాట పెట్టుకోకండి. ఒకవేళ పాప పూర్వాభాద్ర రెండవ పాదంలో పుడితే అక్షరం ‘సో’, సోఫియా తనంతట తానే కుదురుతుంది; ఉత్తర మూడవ పాదమైతే ‘పా’, అప్పుడు మీ అత్తగారి పేరుకే జాతకం కూడా వంత పాడినట్లవుతుంది. అటువంటి అదృష్టం కలగకపోతే, బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో రాసే పేరు జన్మనామంగా ఉండనివ్వండి. జన్మనామం వేరు, వ్యవహారనామం వేరుగా ఉండటం మన పద్ధతికి విరుద్ధం కాదని మీ అమ్మగారికీ తెలుసు. ఆవిడ మరీ పట్టుబడితే ఒక్క ముక్క చెప్పండి: జాతకంలో మనం అనే ‘హోర’, ‘కేంద్రం’ అనే మాటలు రెండూ గ్రీకు నుంచి సంస్కృతంలోకి వచ్చినవే. వియ్యపురాలి భాష ఆవిడ పంచాంగంలోకి ఎప్పుడో ప్రవేశించింది.

ఆ పంచాంగంలోనే మీ సమస్యకు నాకు దొరికిన పరిష్కారం కూడా ఉంది. పరస్కెవీ అంటే శుక్రవారం అనుకున్నాం. మన పురోహితుడు శుక్రవారం నాడు సంకల్పం చెప్పేటప్పుడు ‘భృగువాసరే’ అంటాడు. శుక్రుడు భృగువు కొడుకు కాబట్టి అది భృగువారం. ఆ భృగువు కూతురుగా పుట్టినందువల్ల లక్ష్మీదేవికి వచ్చిన పేరు భార్గవి. శుక్రవారం లక్ష్మీదేవి రోజని మీ అమ్మగారికి వేరే చెప్పాలా? గ్రీకు నాన్నమ్మ పేరును తెలుగు అమ్మమ్మ నోటితో పలికితే భార్గవి అవుతుంది. అనువాదం ఇంత నిండుగా కుదరడం అరుదు: రెండూ శుక్రవారాన్ని సూచించేవే, రెండింటి వెనుకా కొలుచుకునే ఒక తల్లి ఉంది, రెండూ ‘వి’తోనే ముగుస్తాయి. ఇక వివీ అనే ముద్దుపేరు ఏ పేరుకు చెందినదో ఎవరికి నచ్చినట్లు వారు అనుకోవచ్చు.

కాబట్టి పరస్కెవీ భార్గవి అని రాయించి, వివీ అని పిలవమనే నా అభిప్రాయం. మీకు జోయీ మీద అంతగా మనసుంటే దానిని ముందు పెట్టి, పరస్కెవీని రెండవ పేరుగా ఉంచే దారి ఉంది. చాలా గ్రీకు ఇళ్లలో ఇప్పుడు అలాగే చేస్తున్నారు, పెద్దలూ సర్దుకుంటున్నారు. కానీ మూడు పేర్లూ గుచ్చి దండ కట్టకండి. దాని వెనుక మీ భర్త ఇంటిపేరు ఒకటి వస్తుంది, గ్రీకు ఇంటిపేర్ల పొడవు మీకు తెలియనిది కాదు. రేపు పాస్‌పోర్టు ఫారంలో గడులు చాలక అవస్థపడేది ఆ పిల్లే.

ఒకటి రెండు ఆచరణ విషయాలు. గ్రీసులో పాత పద్ధతి ప్రకారం బాప్తిస్మం అయ్యేదాకా బిడ్డకు పేరు ఉండదు; ఆడపిల్లనైతే ‘బెబా’ అంటారు, మనం పాప అన్నట్లే. వెనుకటి రోజుల్లో తల్లి చర్చిలోకి వెళ్లేది కాదట. పేరు వినగానే పిల్లలు పరుగున వచ్చి ఆమె చెవిన వేసి చిల్లర డబ్బులు పుచ్చుకునేవారు. ఇప్పుడు మీరున్న విక్టోరియా రాష్ట్రంలో అంతకాలం ఆగడానికి వీల్లేదు, 60 రోజులలోగా జననాన్ని నమోదు చేయించాలి. బాప్తిస్మం చేయించాలా వద్దా అన్నది మీరిద్దరూ తేల్చుకోవలసినది, దానిలో నేను తలదూర్చను; చేయించేటట్లయితే మాత్రం పరస్కెవీ పునీతురాలి పేరు కాబట్టి పూజారి నుంచి ఏ పేచీ ఉండదు. కసాండ్రా వంటి పేరైతే పక్కన మరొకటి చేర్చమని అడిగే అవకాశం ఉంది. అటువంటి పురాతన నామధేయులందరికీ కలిపి పెంతెకొస్తు తరువాతి ఆదివారం, అంటే సకల పునీతుల రోజున, పేరు పండుగ జరుపుతారు. గ్రీసులో పుట్టినరోజుకన్నా పేరు పండుగకే ఆర్భాటం ఎక్కువ. ఆ రోజు పిలవకపోయినా బంధువులు ఇంటికి వచ్చేస్తారు, మిఠాయి పెట్టవలసిన బాధ్యత పేరుగలవారిదే.

ఇందులో మిగిలినది మీ అత్తగారితో మాట్లాడటం. ఇంతవరకు ఆవిడ చెల్లెళ్ల మాట విన్నారు, భర్త మాట విన్నారు, ఆవిడ మాట వినలేదు. తన పేరు మనవరాలికి పెట్టాలని ఆవిడకు ఉందో, ఆ పేరుతో ఈ దేశంలో తాను పడిన పాట్లు చాలు అనుకుంటున్నారో మీకు తెలియదు. ఆ తరంలో వలస వచ్చిన ఎందరో పరస్కెవీలు ఆఫీసుల్లో, కర్మాగారాల్లో విక్కీలుగా మారిపోయినవారే. జూలై 26 ఇంకెంతో దూరం లేదు. ఆ ఉదయం ఆవిడ ఇంటికి మిఠాయి పట్టుకుని వెళ్లి ‘హ్రోన్యా పొలా’ అనండి; చాలా ఏళ్లు వర్ధిల్లండి అని దాని అర్థం. కాఫీ తాగుతూ, చిన్నప్పుడు ఊళ్లో వాళ్లమ్మ తనను ఏమని పిలిచేదో అడగండి. ఆవిడ వివీ అంటారో, వూలా అంటారో, మనమెవరమూ ఊహించని ఇంకేదైనా చెబుతారో, పాపను పిలవడానికి ఆ పేరు పనికొస్తుందేమో చూడండి.